జెండా పండగ నాడు పలికిన పేరు

మా ఊరికీ, మా పల్లెకూ కలిపి ఉన్న పండగ ఒక్కటే. అది జెండా పండగ. క్రిస్మసు పల్లెలో ఉండే మాది, శ్రీరామనవమి ఊళ్ళోవాళ్ళది. ఆగస్టు పదిహేను మాత్రం బడిది. బడి రెండింటికీ నడుమ, ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే బస్సు ఆగే చోట ఉండేది. రెండు గదులు, ముందు వసారా, చుట్టూ మోకాలెత్తు రాతిగోడ. ఒక గది వానకు కారేది. వాన పడితే అందులో పిల్లలను రెండో గదిలోకి తోలేవాళ్ళు. మా వైపు వానలు తక్కువ కాబట్టి ఆ ఇబ్బంది ఏడాదికి నాలుగైదు రోజులే.

ఇద్దరు అయ్యవార్లు ఉండేవాళ్ళు. పెద్దయ్యవారు ఉదయగిరి నుంచి పొద్దుటి బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవారు. చిన్నయ్యవారు చేజర్ల వైపు మనిషి. పెళ్ళి కాలేదు, ఊళ్ళోనే ఒక గది తీసుకుని ఉండేవాడు. జెండా పండగ ముందు రోజు మైదాపిండి జిగురు మా ఇంట్లో కాచేవాళ్ళం. అంత పెద్ద గిన్నె పల్లెలో మాకే ఉండేది. పిల్లలు రంగు కాగితాలు కత్తిరించి, పురికొసకు అంటించి, బడి చుట్టూ కట్టేవాళ్ళు.

"జిగురు పక్కకు పెట్టు మే, తాగేస్తారు ఈ పిలకాయలు," అని మా పక్కింటామె అరిచేది.

అందరం నవ్వేవాళ్ళం. అందులో ఇంత ఉప్పు వేసి ఉంటే మా పిల్లలు నిజంగానే తాగి ఉండేవాళ్ళు.

పండగ రోజు పొద్దున్నే పిల్లల తలలకు నూనె రాసి, ఉతికిన గుడ్డలు తొడిగి పంపి, వెనకాలే తల్లులం పోయి గోడ బయట నిలబడేవాళ్ళం. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. చదువు రాని వాళ్ళకు బడి లోపల ఏం పని అని మేమే పోయేవాళ్ళం కాదు. తాడు లాగితే జెండా విప్పుకుని అందులోంచి బంతిపూల రేకులు రాలేవి. పిల్లలు పాట పాడేవాళ్ళు. ఆ తర్వాత బొరుగులు, బెల్లం. ఆ తర్వాత ఆటలు.

మా పెద్దమ్మాయి రెండో తరగతిలో ఉన్న ఏడు నిమ్మకాయ చెంచా పోటీలో నిలబడింది. మిగతా పిల్లలు పరిగెత్తి, నిమ్మకాయలు పడేసుకుని, ఏరుకుని, మళ్ళీ పరిగెత్తి గీత దాటారు. ఇది మాత్రం చెంచా నోట కరుచుకుని, నిమ్మకాయనే చూసుకుంటూ ఒక్కో అడుగే వేసింది. గెలిచినవాళ్ళకు పెన్సిళ్ళు ఇవ్వడం కూడా అయిపోయింది. ఇది ఇంకా సగం దూరంలోనే ఉంది.

"ఆట అయిపోయింది పాపా, వచ్చెయ్," అన్నారు పెద్దయ్యవారు.

అది వినిపించుకోలేదు. గీత దాటినాక చెంచా తీసి, "పడలా సార్," అంది. బడి బడంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి దానికి ఏడేళ్ళు. మా చిన్నది నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

ఆ ఏడు సజ్జ మోకాలెత్తు రాకుండానే ఎండిపోయింది. క్రిస్మసు అయిన వారానికి మేస్త్రీ లారీ తెచ్చాడు. నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున ఇటుక బట్టీ. పల్లెలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మా అత్తకు కళ్ళు సరిగా కనపడవు, పిల్లలను ఆమె మీద వదిలి పోలేము. పెద్దదాన్ని బడి మాన్పించి, ఇద్దరినీ లారీ ఎక్కించాము.

బట్టీలో పిల్లలకు పచ్చి ఇటుకలు తిప్పే పని ఇచ్చేవాళ్ళు. ఒక పక్క ఆరినాక రెండో పక్కకు తిప్పాలి. పెద్దవాళ్ళు తిప్పితే అంచులు విరుగుతాయి, చిన్న చేతులే మేలు అనేవాడు మేస్త్రీ. ఫిబ్రవరిలో పెద్దదానికి జ్వరం వచ్చింది. మూడు రోజులు అంగడి బిళ్ళలు మింగించాము. నాలుగో రోజు కళ్ళు, గోళ్ళు పసుపు పచ్చగా అయ్యాయి. నెల్లూరు ఆసుపత్రికి పోవాలంటే ట్రాక్టరు ఒక్కటే దిక్కు. లోడు దించి రానీ అన్నాడు మేస్త్రీ. అది వచ్చేసరికి పొద్దు వాలింది. దారిలోనే పోయింది బిడ్డ. ఆసుపత్రి దాకా పోకుండానే ట్రాక్టరు వెనక్కి తిప్పారు.

పెన్న ఇసుకలో పూడ్చాము. పాస్టరు లేడు. నా మొగుడే ప్రార్థన చేశాడు, నడుమ మాటలు మరిచిపోయాడు. మరుసటి రోజు మళ్ళీ ఇటుక కోశాము. ఒప్పుకున్న పని ముగిసేదాకా అక్కడినుంచి కదలనివ్వరు.

జూన్‌లో ఇంటికి వచ్చాము. బడి తెరిచిన కొన్నాళ్ళకు పెద్దయ్యవారు మా పల్లెలోకి వచ్చారు. వాకిట్లో మంచం వాల్చాము. కూర్చున్నారు, నీళ్ళిస్తే తాగారు, మా అత్తతో వానల గురించి చాలాసేపు మాట్లాడారు. పక్కింటామె కూడా చేతిలో చేట పట్టుకుని వచ్చి నిలబడింది. చివరికి ఆయన నా వైపు తిరిగారు.

"నీకు చెప్పేదానికి నాకు నోరు రావడంలేదమ్మా. రిజిస్టర్లో పాప పేరు ఇంకా కొట్టెయ్యలా నేను."

నాకు అర్థం కాలేదు.

"ఈసారి జెండా పండగకు మండలం నుంచి ఆఫీసరు వస్తుండాడు. జెండా ఎగరేసేదానికే కాదు, పిలకాయల తలకాయలు లెక్కబెట్టేదానికి. నలభైకి ఒక తలకాయ తగ్గినా చిన్నయ్యోర్ని తీసేస్తారు. ఐదు క్లాసులు నేనొకణ్ణి ఎట్ట చెప్పేది? మళ్ళీ ఏడుకు బడే ఎత్తేసి వాగవతల బళ్ళో కలిపేస్తారు."

వాగవతల బడి మూడు మైళ్ళు. నడుమ చిల్లకంప అడవి. మగపిల్లలు నలుగురైదుగురు పోతారేమో గాని ఆడపిల్లను ఎవరూ పంపరు. బడి లేకపోతే బిడ్డలు లారీ ఎక్కుతారు. ఆ సంగతి ఆయన చెప్పనక్కరలేదు, వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు.

"మీ పాపతో కలిపితే సరిగ్గా నలభై," అన్నారాయన. "వలస పోయినవాళ్ళ బదులు చుట్టాల పిల్లల్ని, మేకల కాడి పిల్లల్ని నిలబెడుతుండాం. ప్రతి బళ్ళో జరిగేదే ఇది. అందరికీ తలా ఒక పేరు అయిపోయింది. మీ చిన్నదానికి ఇంకా ఐదు నిండలేదు కదా, దానికే రిజిస్టర్లో పేరు లేదు. అక్క పేరుకు అది పలికిందంటే..."

నా మొగుడు గోడకు ఆనుకుని కింద చూస్తూ ఉన్నాడు. "ఒక్క దినమేనా సార్?" అని అడిగాడు.

"ఒక్క దినమే."

మా అత్త నులకమంచం పట్టె మీద చేత్తో కొట్టింది. "చచ్చిన బిడ్డ పేరు బతికిన బిడ్డకు తొడుగుతారంట్రా? ఏం మనుషులురా మీరు! చదువుకున్న అయ్యోరువి, నీకైనా బుద్ధి ఉండబళ్ళా?"

మాట్లాడింది పక్కింటామె. ఆమె పిల్లలు ముగ్గురూ ఆ బడిలోనే ఉన్నారు.

"నువ్వు గమ్మునుండవ్వా. ఒక్క దినం 'ప్రెజెంట్ సార్' అంటే నీ మనవరాలి నోరేం అరిగిపోదు. బడి పొయ్యిందంటే ఇది గూడా ఇటికెలు తిప్పేదానికే. ఒకదాన్ని ఇసకలో పెట్టి వచ్చింది చాల్లేదా?"

అంత మాట అంటుందని ఎవరూ అనుకోలేదు. అన్నాక ఆమే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాని అందులో అబద్ధం ఏముంది? నేను సరే అన్నాను.

ఒక్క దినం అని నమ్మడమే మేం చేసిన తప్పు. మా పల్లెలో వ్యవహారమంతా నోటి మాటే. పెళ్ళి సంబంధం అయినా, పొలం కౌలు అయినా, తగాదా అయినా నోటితో అనుకుంటాం, కుదరకపోతే నోటితోనే వద్దనుకుంటాం. కాగితం మీద పడిన మాట ఎవరికీ వినపడకుండా అక్కడే ఉండిపోతుందని మాకు తెలియదు.

చిన్నదానికి నేర్పే పని నా మీద పడింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని అడిగేదాన్ని.

"నీ పేరేంది?"

తన పేరు చెప్పేది.

"కాదు. ఆఫీసరు పిలిస్తే దేనికి పలకాల?"

"అది అక్క పేరు కదమ్మా."

"ఆ దినానికి నీది."

"అక్క వచ్చి అడిగితే?"

"అడగదు."

"బొరుగులు నాకిస్తారా, అక్కకిస్తారా?"

"నీకే."

అప్పుడు ఒప్పుకుంది.

ఆ రోజుల్లోనే పల్లెలో ఆడవాళ్ళకు చదువు చెప్పడం మొదలైంది. కూలి నుంచి వచ్చి, పొద్దు ఉండగానే చర్చి ముందు పట్ట పరుచుకుని కూర్చునేవాళ్ళం. చిన్నయ్యవారే చెప్పేవాడు. ఆ పట్ట మీద కూర్చున్నవాళ్ళమే తర్వాత సారా అంగడి ముందు కూర్చుని దాన్ని మూయించాము. ఆయన అందరికీ మొదట ఎవరి పేరు వాళ్ళు రాయడం నేర్పాడు. బొగ్గుతో గోడ మీద, పుల్లతో నేల మీద రాసి రాసి, జెండా పండగ నాటికి నా పేరు రాయడం వచ్చింది నాకు. అంతవరకే వచ్చింది.

ఆ ఏడు జెండా పండగ బాగా చేశారు. పిల్లలు ఐదు వరసల్లో నిలబడ్డారు. సున్నం కొట్టిన గోడలు, తోరణాలు, వసారాలో ముగ్గులు. ఆఫీసరు జీపులో వచ్చాడు. నడివయసు మనిషి, జ్వరం వచ్చి లేచినవాడిలా ఉన్నాడు. జెండా ఎగరేశాడు, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు, కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెమ్మన్నాడు.

ఒకటో తరగతి నుంచి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. గోడ బయట తల్లులం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాము. ఎవరి బిడ్డ ఎవరి పేరుకు పలకాలో మాకందరికీ నోటికి వచ్చు. రెండో తరగతి దగ్గర ఒక పేరుకు పలకాల్సిన పిల్లవాడు రానే లేదు. అంతకుముందే ఒక పేరుకు పలికిన మేకల కాపరి పిల్లవాడు దీనికీ చెయ్యెత్తాడు.

"ఒరే, నువ్వు ఇందాక పలికినావు కదరా?" అన్నాడు ఆఫీసరు.

"అది మా అన్న సార్."

"మీ అన్న యాడుండాడు?"

వాడు అటూ ఇటూ చూసి, "ఇప్పుడే ఒంటేలుకు పోయినాడు సార్," అన్నాడు.

గోడ బయట అందరూ నవ్వేశారు. ఆఫీసరు కూడా నవ్వాడు. ఆయనకు తెలుసునని అప్పుడు అర్థమైంది మాకు. తెలిసీ టిక్కు పెట్టాడు. ఆయనకూ ఎక్కడో లెక్క సరిపోవాలి కాబోలు.

మూడో తరగతి వచ్చింది. మా పెద్దదాని పేరు చదివాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి చదివాడు. చిన్నది తన కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడింది. పల్లె ఆడవాళ్ళంతా తలలు తిప్పి నన్ను చూశారు. నేను గోడ మీదికి వంగి, శబ్దం రాకుండా పెదవులతో "చెప్పు" అన్నాను. అది నన్ను చూసింది. చెయ్యి పైకెత్తి, అంతవరకూ పలికిన ఏ బిడ్డా అరవనంత గట్టిగా "ప్రెజెంట్ సార్!" అంది.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి చూశాడు. "మూడో తరగతా? ఈ పిల్లా?"

"తిండి చాలదు సార్," అన్నారు పెద్దయ్యవారు. "ఈ వైపు పిలకాయలంతా ఇంతే. ఎదగరు."

అబద్ధాన్ని నిలబెట్టడానికి ఆయన చెప్పినది నిజమే. ఆఫీసరు దాన్ని నమ్మినట్టే తల ఊపాడు. టిక్కు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "రేపు ఇంకో ఆఫీసరు వస్తే నా మాదిరి ఊరుకోడు. చదువులో వెనకబడిందని రాసి కిందికి దించుకోండి. తల్లి చేత కాగితం తీసుకోండి."

బొరుగులు పంచారు. చిన్నది గౌను ఒడి పట్టి పోయించుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. "బాగా చెప్పినానామ్మా?" అంది. నేను దాని ఒడిలో బెల్లం గడ్డ కిందికి జారకుండా సర్ది, "తిను," అన్నాను.

జీపు పోయాక పెద్దయ్యవారు నన్ను వసారాలోకి పిలిచారు. ఒక కాగితం, వేలిముద్రకు ఇంకు పెట్టె బల్ల మీద ఉన్నాయి.

"ఇక్కడ ముద్ర వెయ్యమ్మా."

"ముద్ర ఎందుకు సార్? నాకు సంతకం వచ్చు," అన్నాను.

గోడ బయట ఆడవాళ్ళు వినేలాగానే అన్నాను. చిన్నయ్యవారు నవ్వి తన పెన్ను ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక నేను పెన్ను పట్టి కాగితం మీద పేరు రాయడం అదే మొదలు. ఒక అక్షరం కిందికి పోయింది. రాసినాక దాన్ని కాసేపు చూసుకున్నాను. పైన ఏం రాసి ఉందో చదవడం నాకు రాదు. అడగాలని కూడా తోచలేదు. బిడ్డ పోయిన తర్వాత నాకు సంతోషం కలిగింది ఆ ఒక్క గడియే.

చిన్నయ్యవారి ఉద్యోగం నిలబడింది. బడి నిలబడింది. మరుసటి రోజు నుంచి చిన్నది కూడా పలక తీసుకుని పోవడం మొదలుపెట్టింది. ఇంకా వయసు రాలేదు, ఊరికే కూర్చుని వస్తుందిలే అనుకున్నాము. ఆ ఏడు మేము ఇద్దరమే బట్టీకి పోయాము, దాన్ని అత్త దగ్గర వదిలి. పక్కింటామె చూసుకుంటానంది. చూసుకుంది కూడా.

బట్టీ నుంచి వచ్చాక నేను మళ్ళీ పట్ట మీద కూర్చుని చదువు సాగించాను. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు వచ్చాయి. మరుసటి ఏడు జెండా పండగకు గోడ బయట నిలబడక నేరుగా లోపలికి పోయాను. వసారా గోడకు పెద్ద పెద్ద చార్టులు అంటించారు, తరగతుల వారీగా పిల్లల పేర్లు రాసి. పిల్లలు పాటకు వరస కడుతుంటే నేను వాటి ముందు నిలబడి కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాను. పక్కింటామె పిల్లల పేర్లు చదివాను. భలే చదివాననుకున్నాను.

రెండో తరగతి చార్టులో మా పెద్దదాని పేరు ఉంది.

తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. ఇంటిపేరు మాదే. పక్కన తండ్రి పేరు మా ఆయనదే. చిన్నదాని పేరు కోసం ఆ చార్టు అంతా వెతికాను, మిగతా నాలుగూ వెతికాను. ఎక్కడా లేదు. ఇంతలో పాట మొదలైంది. అందరూ నిటారుగా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

బొరుగులు పంచేటప్పుడు పెద్దయ్యవారి దగ్గరికి పోయాను. "సార్, మా చిన్నదాని పేరు యాడ?"

ఆయన చుట్టూ చూసి నన్ను గది లోపలికి తీసుకుపోయారు. "అదేనమ్మా దాని పేరు ఇప్పుడు. నువ్వే సంతకం చేసినావు కదా."

బీరువాలోంచి ఆ కాగితం తీసి చూపించారు. ఈసారి చదివాను. నా కుమార్తె చదువులో వెనకబడి ఉన్నందున తిరిగి ఒకటో తరగతిలో కూర్చోబెట్టుటకు నాకు సమ్మతమే అని ఉంది. పెద్దదాని పేరు ఉంది. కింద నా పేరు, జారిపోయిన అక్షరంతో సహా.

"కొట్టెయ్యండి సార్. దాని పేరు రాయండి."

"పెద్దపాప పోయినట్టు కాగితం ఏమన్నా ఉండాదా నీ కాడ?"

పెన్న ఇసుకలో పూడ్చినదానికి కాగితం ఎవరిస్తారు?

"చిన్నదాని పుట్టకం ఎక్కడన్నా రాయించినారా?"

అది మా ఇంట్లో, మా అత్త చేతుల్లో పుట్టింది. ఎవరికీ చెప్పి రాయించలేదు.

"నేనేం చేసేదమ్మా?" అన్నారు. "ఇప్పుడు దిద్దితే ముందు ఎందుకు రాసినావని అడుగుతారు. నా ఉద్యోగం పోతాది, పోనీ. ఆ నలభై మందీ ఎవురని తవ్వుతారు. అప్పుడు బడి ఉండదు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆయనను తిట్టలేకపోయాను. బయట పిల్లలు ఆటలకు గీతలు గీస్తూ అరుచుకుంటున్నారు. అంతమంది అరుపులు విన్నాక నోరు తెరిచి ఏమనగలను?

అట్లా మా పెద్దది కాగితాల్లో చనిపోలేదు. మా చిన్నది కాగితాల్లో పుట్టలేదు. ఆ రెండు పేర్లలో ఏదీ నేను ఇక్కడ రాయను. ఒకటి రాస్తే ఈ రోజు ఎక్కడో బతుకుతున్న మనిషి బయటపడుతుంది. రెండోది రాసినా ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఏళ్ళు గడిచే కొద్దీ బడి పేరే దాని పేరయింది. తోటి పిల్లలు వాకిట్లోకి వచ్చి ఆ పేరుతో కేక వేసేవాళ్ళు. మొదట్లో ఎవరొచ్చారో అని వాకిలి వైపు చూసేదాన్ని. తర్వాత వాళ్ళ నాయన కూడా అట్లాగే పిలవడం మొదలుపెట్టాడు. అలవాటైపోయింది, ఏం చేసేది అనేవాడు. పాత పేరుతో పిలిచేది అత్తా నేనూ మాత్రమే. అది ఐదో తరగతికి వచ్చేసరికి అత్త కాలం చేసింది. నేనొకదాన్నే మిగిలాను.

ఆ ఏడే పెద్దయ్యవారు రిటైరయ్యారు. బడి వార్షికోత్సవం, ఆయన వీడ్కోలు ఒకే మధ్యాహ్నం పెట్టారు. బెంచీలన్నీ జతచేసి స్టేజి కట్టారు, ఉదయగిరి నుంచి మైకుసెట్టు తెచ్చారు, ఆత్మకూరులో స్టీలు పళ్ళాలు, గ్లాసులు బహుమతులకు కొన్నారు. ఊరూ పల్లే కదిలి వచ్చాయి. పట్టలు పరిచి ఆడవాళ్ళను లోపలే కూర్చోబెట్టారు. ఈసారి ఆఫీసరు ఆడమనిషి. పెద్ద వయసులో చదువు నేర్చుకున్న తల్లి ఒకామె బహుమతుల పేర్లు చదివితే బాగుంటుందని ఆమే ముందుగా కబురు పంపింది. పల్లెలో బాగా చదివేది నేనని అందరూ నా పేరే చెప్పారు.

మా అమ్మాయికి ఐదో తరగతిలో మొదటి బహుమతి. అది నాకు ముందే తెలుసు. ఆత్మకూరు ఆడపిల్లల హాస్టల్లో ఆరో తరగతికి సీటు కూడా వచ్చేటట్టు ఉంది. బడి నుంచి ఇచ్చే టీసీ ఆ పేరు మీదే. స్టేజి మీద నా నోటి నుంచి ఏదైనా వేరే మాట వచ్చిందంటే దాని సీటు పోతుంది, రిటైరయ్యే పెద్దాయన పింఛను పోతుంది.

స్టేజి ఎక్కే ముందు పెద్దయ్యవారు జాబితా నా చేతికిచ్చి, నిలబడిపోయారు. "అమ్మా, ఆ ఒక్క పేరూ నేను చదువుతాలే. నువ్వు నీళ్ళు తాగేదానికి పక్కకు పోయినట్టు పో."

"వద్దు సార్. నేనే చదువుతా."

ఎందుకన్నానో అప్పుడు తెలియలేదు. పెద్దది పోయినప్పటి నుంచి దాని పేరు నేను పైకి పలికింది లేదు. ప్రార్థనలో కూడా 'నా బిడ్డ' అనే అనేదాన్ని. ఊరంతా ఆ పేరు వాడుకుంటున్నారు, ఆ పేరు పెట్టిన ఇంటి మనిషిని నేనే పలకను. ఎవరో చదివితే నీళ్ళు తాగే నెపంతో పక్కకు పోవడం నాకు చేతకాలేదు.

ఒకటో తరగతి చదివాను. రెండు, మూడు, నాలుగు చదివాను. ఒక్కో పిల్లా పిల్లవాడూ వచ్చి ఆఫీసరమ్మ చేతుల మీదుగా తీసుకుపోయారు. జనం చప్పట్లు కొట్టారు. ఐదో తరగతి అన్నాను. ముందు వరస పట్ట మీద పక్కింటామె తల కిందికి వంచుకుంది. మా ఆయన మైకుసెట్టు పెట్టె దగ్గర నిలబడి కొండ వైపు చూస్తున్నాడు. మొదటి బహుమతి అన్నాను. కాగితం మీద ఆ పేరు చాలా చిన్నదిగా ఉంది. మూడే అక్షరాలు.

చదివాను. మైకులో నా గొంతు నాకే వినపడింది.

చివరి అక్షరం పలికే లోపలే అది లేచి నిలబడింది. రెండు జడలు, రిబ్బన్లు, తలెత్తుకుని గబగబా నడిచి వచ్చింది. అంత గట్టిగా ఆ పేరును పిలిచినందుకు లేచి వచ్చింది అదే. నేను పిలిచిన బిడ్డ వేరు. ఆఫీసరమ్మ పళ్ళెం దాని చేతిలో పెట్టి, నన్ను చూసి, "మీ అమ్మాయేనా?" అంది.

"అవునమ్మా."

"పేరు చాలా బాగుంది. ఎవరు పెట్టారు?"

"మా అత్త," అన్నాను. అది అబద్ధం కాదు. మా అత్త పెట్టిందే.

ఆ తర్వాత రెండో బహుమతి చదివాను, ఆటల బహుమతులు చదివాను. ఒక్క పేరు కూడా తప్పలేదు. పెద్దయ్యవారికి శాలువా కప్పారు. ఈ బడి ఉందంటే ఆయన పుణ్యమే అని ఊళ్ళో పెద్దమనిషి మాట్లాడాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మాట నిజమే కదా.

పొద్దు కుంకకముందే ఇంటికి నడిచాము. వాళ్ళ నాయన ముందు పోతున్నాడు. అది పళ్ళెం గుండెకు ఆనించుకుని నా పక్కన నడుస్తోంది. కొంత దూరం పోయినాక అంది:

"అమ్మా, నువ్వు నన్ను ఆ పేరుతో పిలిచింది ఇదే మొదలు."

నేను దాని జడకు ఊడుతున్న రిబ్బను బిగించాను.

"ఇంట్లో గూడా అట్నే పిలువుమా. నువ్వొకదానివే వేరే పేరుతో పిలుస్తావు. హాస్టల్ కాడికొచ్చి ఆ పేరుతో పిలిస్తే అందురూ నవ్వుతారు."

"అది నేను పెట్టిన పేరు," అన్నాను.

"తెలుసులే. కానీ అది ఎవురికీ తెలియదు కదమ్మా."

అది విసుక్కుంటూ చెప్పలేదు. మంచిగానే చెప్పింది, పెద్దమనిషి మాదిరి, నాకు కష్టం కలగకుండా. దానికి వాళ్ళ అక్క గుర్తు లేదు. ఆ మాట అంతకుముందే ఒకసారి నాతో చెప్పింది. సరే అన్నాను.

మరుసటి పొద్దున పొయ్యి వెలిగించి దాన్ని లేపడానికి పోయాను. నోట్లోకి అలవాటైన పేరే వచ్చింది. ఆపుకున్నాను. కాసేపు దాని పక్కన కూర్చుని, ఆ మూడు అక్షరాలతో పిలిచాను. ఒక్క పిలుపుకే కళ్ళు తెరిచి, "ఏంమా?" అంది.